దాప అంటే ఎటు?

మెదక్ చుట్టుపక్కల రోడ్లన్నీ నాకు కొట్టినపిండి అని నేను ఎవరితోనైనా అంటే చాలు, మా ఇంట్లో వాళ్లు ఒక్కొక్కరే లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లిపోతారు. వాళ్లను నేను తప్పుపట్టను. కొన్నేళ్ల కింద ఒక ఆదివారం పొద్దున నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, తలుపు మీద పెద్ద అంకె వేయించుకుని, అరవై ఏళ్ల పాత కారులో, అంతకంటే కొంచెం పాతవాడైన మా మామను పక్కన కూర్చోబెట్టుకుని, పోటీ గెలుద్దామని బయలుదేరాను. గెలవలేదు సరే, చివరికి వడ్ల కుప్పలో తేలాను. కుప్ప ఎవరిదో ఇప్పుడే చెప్పను. చెబితే మీరు ఇప్పటి నుంచే నవ్వడం మొదలుపెడతారు.

నా పేరు సునీత. మెదక్ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుతాను. పుట్టింది రామాయంపేటలో. నాన్నకు అక్కడ హైవే పక్కన మెకానిక్ షెడ్డు ఉండేది. ఆ షెడ్డుకు ఒకాయన రిపేరుకని ఒక గుండ్రటి ముక్కు కారు తెచ్చి వదిలాడు. రేపు వస్తానన్నవాడు ఇరవై ఏళ్లు రాలేదు. చివరికి ఆయన కొడుకు వచ్చి, "మాకొద్దు, మీరే ఉంచుకోండ్రి" అని కాగితాలు రాసిచ్చి పోయాడు. నాన్న షెడ్డు మూసేసినప్పుడు పనిముట్లు తమ్ముడికి, కారు నాకు ఇచ్చాడు. ఏ కంపెనీ కారో మాత్రం అడక్కండి. నేను చేసిన ఘనకార్యం చివరికి ఆ కంపెనీ మీద పడటం నాకు ఇష్టం లేదు.

ఆ కారును తెచ్చి మెదక్‌లో అత్తగారింటి వెనక రేకుల షెడ్డులో పెట్టాను. మూడేళ్లు సాయంత్రాలన్నీ దాని కిందే పడుకున్నాను. వంటింట్లో వినిపించే పాటల కంటే ఆ షెడ్డులో స్పానర్ చప్పుడే నాకు హాయిగా ఉండేది. మా ఆయన రమేశ్ పాపం మంచివాడు, టార్చి పట్టుకుని నిలబడేవాడు. అత్తమ్మ లక్ష్మమ్మ మాత్రం ఆ షెడ్డులోకి వచ్చి కారును చూసినప్పుడల్లా అక్కడ కారు కాకుండా రెండు బర్రెలను చూసేది. ఆ జాగాలో బర్రెలు కట్టేయాలని ఆమె కోరిక.

"ఏమే సునీతా, గీ బండి ఉరుకుతదా, ఉరకదా? ఒక్కటే మాట చెప్పు."

"ఉరుకుతది అత్తమ్మా. కార్బరేటర్ ఒక్కటి సాఫ్ చేస్తె..."

"మూడేండ్ల సంది గదే సాఫ్ చేస్తున్నవు. మనింట్ల గిన్నెలు సుత గంత సాఫ్‌గ లెవ్వు."

ఇదిలా ఉండగా, హైదరాబాద్ రోడ్డులో ఫంక్షన్ హాలు నడిపే సేఠ్ ఒకడు షెడ్డు తలుపు సందులోంచి మా కారును చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని కొని, హాలు ముందు సిమెంటు గద్దె మీద ఎక్కించి, కొత్త పెళ్లికూతురు పెళ్లికొడుకు ఫోటోలు దిగడానికి పూలు కట్టి ఉంచుతాడట. ఇంజన్ తీసేసినా పర్వాలేదు, ఊరికే బరువు అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం దిగలేదు. నాన్న చేతులతో విప్పి బిగించిన ఇంజన్ అది. నేను స్పానర్ల సైజులు నేర్చుకున్నది దాని మీదే.

సరిగ్గా అదే వారం నా షాపుకు ఒక పోస్టరు జిరాక్సుకు వచ్చింది. పాత కార్ల స్టేజీ ర్యాలీ. పట్నం నుంచి పాత కార్ల పిచ్చివాళ్లు కొందరు కలిసి మా జిల్లాలోనే పెడుతున్నారు. ఇరవై కాపీలు తీసి, ఇరవై ఒకటోది మడిచి జాకెట్టులో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

"స్టేజీ ర్యాలీ అంటె ఏంది? బస్సు లెక్క స్టేజీ స్టేజీకి ఆగుకుంట పోవుడా?" అంది అత్తమ్మ.

"కాదత్తమ్మా. రోడ్డు ముక్కను బంద్ చేస్తరు. గా ముక్కనే స్టేజీ అంటరు. కార్లను ఒక్కటి పోయినంక ఒక్కటి వదుల్తరు. ఎవ్వలు జల్ది దాటితె వాళ్లు గెలిచినట్టు."

"అంటె రోడ్డు మీద నువ్వొక్కదానివే ఉంటవు."

"అవును."

"ఒక్కదానివే ఉరికి ఎవ్వల మీద గెలుస్తవే?"

"గడియారం మీద అత్తమ్మా."

అత్తమ్మ కొంచెంసేపు నన్ను, కొంచెంసేపు గోడ మీది గడియారాన్ని చూసింది. తర్వాత తీర్పు చెప్పింది. "సరె. పోటీల ఉరికితె బండి ఉంటది. లేకుంటె సోమారం సేఠ్‌ను రమ్మంట. గా జాగల నా బర్రెలొస్తయి."

అత్తమ్మ ఒక మాట అన్నదంటే అది రిజిస్ట్రీ అయినట్టే. నేను ఆ రాత్రికే క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను: చివరి గీత దాటాలి, దాటితేనే కారు.

ఇక తయారీ చూడాలి మీరు. బ్రేకులు మార్చాను. ఫ్యాన్ బెల్టు మార్చాను. కిరోసిన్‌తో ఇంజన్‌ను కడిగి కడిగి నా చేతులకు పెట్టుకున్న గోరింటాకు వారం తిరగకుండానే పోయింది. పోటీ వాళ్ల లిస్టు ప్రకారం సీటు బెల్టులు, మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, రెండు హెల్మెట్లు, అన్నీ సమకూర్చాను. లేనిదల్లా పక్క సీటులో కూర్చునే మనిషి. ఈ పోటీలో డ్రైవరు రోడ్డును మాత్రమే చూడాలి. ముందు ఏ మలుపు వస్తుందో పక్కన కూర్చున్న మనిషి పుస్తకంలో చూసి అరిచి చెప్పాలి. రమేశ్‌ను అడుగుదామంటే, ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని రామాయంపేట వెళ్లి రావడానికే అతనికి మూడు నిమ్మకాయలు కావాలి.

అప్పుడు మా మామ యాదగిరి గొంతు సవరించుకున్నాడు. మామ నిజాంపేట దిక్కు పల్లెటూరి రైతు. యాభై ఏళ్లు ఎద్దులతో అరక దున్నిన మనిషి. ఎద్దులు అమ్మేసి, ట్రాక్టర్‌ను కిరాయికి పెట్టి వ్యవసాయం చేయిస్తూ, మెదక్‌లో మా దగ్గర ఉంటున్నాడు కానీ మనసంతా ఊళ్లోనే.

"నేను గూసుంట బిడ్డా. మూడో స్టేజీ మా ఊరి తొవ్వలనే పోతది గద. గా తొవ్వ నాకు ఎరుకే."

"మామా, చదవాలె. మీకు కండ్లద్దాలు..."

"ఏడో తరగతి పాసు నేను. జర గౌరవమియ్యి."

గౌరవమిచ్చాను. ముందు రోజు పోటీ వాళ్లు రోడ్డు చూసుకోవడానికి ఒకసారి మెల్లగా పోనిచ్చారు. ప్రతి మలుపూ నేనే రాసుకున్నాను. లెఫ్ట్ మూడు, రైట్ ఐదు, కల్వర్టు, గుంత, ఇట్లా. అంకె పెద్దదైతే మలుపు మెల్లనిది, చిన్నదైతే గట్టిది. మామ పక్కన కూర్చుని దారిలో కనబడ్డ ప్రతి మనిషినీ పలకరించాడు. ఇంటికి వచ్చి ఆ నోట్సు మొత్తం కంప్యూటర్లో పెద్ద అక్షరాలతో కొట్టి, రంగుల్లో ప్రింటు తీసి, ప్రతి పేజీనీ లామినేషన్ చేసి, స్పైరల్ బైండింగ్ వేశాను. జిరాక్స్ షాపు ఉన్నందుకు ఆ మాత్రం చేసుకోకపోతే ఎట్లా? పట్నం వాళ్ల దగ్గర కూడా ఇంత అందమైన పుస్తకం లేదు. దాన్ని చూసుకుని నాకు నేనే ముద్దొచ్చాను.

మామ కూడా తక్కువ తినలేదు. అంతకుముందు వారమంతా ఇంట్లో ఇంగ్లీషు మలుపులే మాట్లాడాడు. "లెఫ్ట్ మూడుల పచ్చిపులుసు ఉన్నది, జర ఇట్ల జరుపు" అనేవాడు అన్నం ముందు కూర్చుని. అత్తమ్మ మజ్జిగ చెంబును ఠక్కున కుడి వైపు పెట్టి, "గిది రైటు. మింగు" అనేది.

పోటీకి ముందు సాయంత్రం నేను బానెట్ లోపల తల పెట్టి స్క్రూ తిప్పుతున్నాను. మామ వచ్చి వెనక నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్క మాట. జోరుగ పోయేటప్పుడు గీ లెఫ్టు రైటు నా నాలికెకు తిరుగుతదో లేదో. ఎద్దులకు చెప్పినట్టు మా మాటల చెప్తె నడుస్తదా?"

నేను తల బయటికి తీయలేదు. స్క్రూ కీలకమైన చోట ఉంది. "ఏదంటె గది అనుండ్రి మామా. నాకు సమజైతది" అన్నాను.

చదువుతున్నవాళ్లు ఈ వాక్యాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. నా బతుకులో ఇంత హాయిగా, ఇంత ధీమాగా, ఇంత తెలివితక్కువగా నేను ఇంకో మాట అనలేదు. ఎద్దులకు ఏం చెబుతారో నాకు ఏం తెలుసు? నేను పెరిగింది లారీల మధ్య.

ఆదివారం పొద్దున పన్నెండు కార్లు వరసలో నిలబడ్డాయి. మిగతా వాళ్ల కార్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాళ్లు తోలు గ్లౌజులు తొడుక్కుని, నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. మాది ఏడో నంబరు. మామ తల రుమాలు తీయనంటే తీయనన్నాడు. రుమాలు మీద హెల్మెట్ పట్టలేదు. చివరికి పోటీ పెట్టిన పెద్దమనిషి చేతులు జోడించి బతిమాలితే, రుమాలు తీసి నడుముకు కట్టుకుని, చిన్నబోయిన ముఖంతో హెల్మెట్ పెట్టుకున్నాడు. అత్తమ్మ మాత్రం రాలేదు. ఊళ్లో వడ్ల కొనుగోలు సెంటర్లో మా వడ్లు తొమ్మిది రోజులుగా ఎండుతున్నాయి. వాటి దగ్గర పగటి కావలి ఆమెదే. "గీత దాటినంక ఫోను చెయ్యి. దాటకున్నా చెయ్యి, సేఠ్‌కు చెప్పాలె" అని మాత్రం చెప్పి పోయింది.

మొదటి స్టేజీలో మేం చించేశాం. నిజంగానే. మామ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు ఆనించి, ఏడో తరగతి గొంతుతో "లెఫ్ట్ నాలుగు! గుంత! రైట్ రెండు!" అని చదివాడు. నేను తిప్పాను. కారు ముప్పై ఏళ్లు తగ్గించుకుని పరుగెత్తింది. రెండో స్టేజీ అయ్యేసరికి బోర్డు మీద మేం నాలుగో స్థానంలో ఉన్నాం. గ్లౌజులవాడు ఒకడు వచ్చి మా ఇంజన్ వైపు చూసి, "ఎవరు చేసిండ్రు మేడం?" అన్నాడు. "నేనే" అన్నాను. ఆ ఒక్క మాటకే నా మెడ జానెడు పొడుగైంది.

మూడోది, ఆఖరి స్టేజీ, తూర్పు దిక్కు. ఎండ సూటిగా అద్దంలోంచి పడుతోంది. జెండా దిగింది, నేను యాక్సిలరేటర్ తొక్కాను, మామ పుస్తకం తెరిచాడు.

"బిడ్డా, ఏం కనవడుతలేదు."

"అద్దాలు పెట్టుకోండ్రి మామా!"

"పెట్టుకున్న. పుస్తకమే తళతళ మెరుస్తాంది. కండ్లు పోతున్నయి."

నా లామినేషన్! ఏ పేజీ తిప్పినా సూర్యుడే కనిపిస్తున్నాడు తప్ప అక్షరం కనిపించదు. రంగు ప్రింటుకు, స్పైరల్‌కు పడ్డ కష్టమంతా సూర్యుడి పాలైంది. మామ మాత్రం ఏమీ కంగారు పడలేదు. పుస్తకాన్ని మడిచి సీటు కింద తోసేశాడు.

"ఇడువు. గీ తొవ్వ నాకు నువ్వు రాసియ్యాల్నా? నేను పుట్టిన తొవ్వ గిది. నువ్వు తొక్కు."

"మలుపులు చెప్పుండ్రి మామా!"

"చెప్త. మల్లయ్య బాయి దాటినంక చెప్త."

"మల్లయ్య బాయి ఏది మామా?"

"గదే, దాటిపోయింది."

అరవై స్పీడులో ఉన్నాం. వెనక దుమ్ము గోడలా లేచింది. ముందు రోడ్డు రెండుగా చీలింది. ఎడమ వైపు దారి కాలువ గట్టు మీదుగా చివరి గీతకు పోతుంది. కుడి వైపుది ఊళ్లోకి. అటు పోకుండా పోటీ వాళ్లు పొద్దున ఎర్ర తెల్ల చారల టేపు అడ్డం కడతామన్నారు. నాకు అక్కడ ఏ టేపూ కనిపించలేదు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. టేపు చూసి తిప్పుకుందాంలే అని ఏది మా దారో నేను గుర్తుపెట్టుకోలేదు. ఎటు?

"మామా!"

"దాప!" అని అరిచాడు మామ. "దాప పట్టు బిడ్డా, దాప!"

దయచేసి కారును ఆ మలుపులోనే కాసేపు పట్టుకుని ఉంచండి. మీకు రెండు సంగతులు చెప్పాలి.

అరక దున్నే మనిషికి కుడి ఎడమలతో పని లేదు. కాడికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు, కుడి దిక్కు కట్టేది ఎలపటెద్దు. కాబట్టి దాప అంటే ఎడమ. ఇది మెదక్ జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు. నేను అడగలేదు, అంతే తేడా.

ఇక రెండోది. నాకు డ్రైవింగ్ నేర్పింది నాన్న కాదు, మా షెడ్డుకు వచ్చే లారీ డ్రైవరు ఖాసిం సాబ్. ఆయన నోట లెఫ్టు రైటు అనే మాటలు ఎప్పుడూ రాలేదు. కుడికి తిప్పాలంటే "దాయ!", ఎడమకు తిప్పాలంటే "బాయ!" తప్పు తిప్పితే నెత్తి మీద ఒక్కటి పడేది. కాబట్టి ఎంత వయసొచ్చినా, భయమేసినప్పుడు నా చేతులు ఉర్దూలోనే పనిచేస్తాయి.

హెల్మెట్ లోపల ఉన్న చెవికి, సైలెన్సర్ సగం ఊడిన కారులో, దాపకూ దాయకూ ఎంత తేడా వినబడుతుందో మీరే చెప్పండి. ఇప్పుడు కారును వదిలేయవచ్చు.

నేను కుడికి తిప్పాను.

"దాప! దాప!" మామ గొంతు పైకి లేచింది. నేను ఇంకా కుడికి తిప్పాను.

"అయ్యో దాప అంటున్న గదనే!" మామ డాష్‌బోర్డును రెండు చేతులా బాదాడు. సరిపోలేదేమోననుకుని స్టీరింగ్‌ను పూర్తిగా కుడికి కోసేశాను. కోడలు మామ మాటను ఇంత శ్రద్ధగా విన్న సందర్భం మా వంశంలో ఇంకోటి లేదు. కారు ఒక ఇంటి గోడను తప్పించుకుంది, ఒక మేకను తప్పించుకుంది, ఖాళీ జాగాలోకి దూకింది, ఎదురుగా బంగారు రంగులో ఒక గుట్ట కనిపించింది, నేను బ్రేకు తొక్కాను. టైర్ల కింద ఉన్నది మట్టి కాదు, వడ్లు. వడ్ల మీద బ్రేకు పనిచేయదని ఆ రోజే తెలిసింది. బుస్సుమంటూ బానెట్ వరకు కుప్పలో దిగబడి ఆగాం. మేం దూసుకొచ్చిన దారిలో ఎవరూ లేకపోవడం మా అందరి అదృష్టం.

చప్పుడు ఆగింది. రేడియేటర్ గొట్టం ఊడి, వేడి నీళ్లు కుప్ప మీద చిమ్ముతున్నాయి. మామ మెల్లగా హెల్మెట్ తీసి, నడుముకున్న రుమాలు విప్పి తలకు చుట్టుకున్నాడు.

"నేను దాప అన్న" అన్నాడు.

"నేను దాయకే తిప్పిన మామా" అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి సమజైంది.

ఈలోగా జనం చుట్టూ చేరారు. అందరికంటే ముందు వచ్చినాయన మాకు దెబ్బలు తగిలాయా అని కూడా అడగలేదు. తలుపు మీద అంకెను చూసి మండిపడ్డాడు.

"ఏడో నంబర్ నాది! కాంటా కాడ నా టోకెన్ ఏడు! ఐదు దినాల సంది లైన్ల ఉన్న. గీ కారేసుకోని ముందట జొర్రుడేంది?"

"గది టోకెన్ కాదు పెద్దయ్యా, పోటీ నంబర్."

"ఇగ పోటీ సుత పెట్టిండ్రా కాంటాకు?"

తేమ కొలిచే మిషను పట్టుకున్న అమ్మాయి కుప్ప దగ్గరికి వచ్చి, తడిసిన వడ్లు పిడికెడు తీసి మిషనులో పోసి, అంకె చూసి నాలుక కరుచుకుంది. "ఇరవై నాలుగు" అంది మెల్లగా. పదిహేడు దాటితే కొనరు.

అప్పుడు కుప్ప వెనక నుంచి ఒక గొంతు లేచింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు.

"పదిహేడున్నయి! పొద్దుగాలనే పదిహేడుకు వచ్చినయి!"

అత్తమ్మ. అవును, కుప్ప మాదే. ఇప్పుడు నవ్వుకోండి.

చేతిలో గొడుగు, నెత్తిన తువ్వాల, ముఖంలో తొమ్మిది రోజుల ఎండ. కారును చూసింది, నన్ను చూసింది, మామను చూసింది.

"గీత గిదేనానే?" అంది.

నాకు ఏడుపు వచ్చింది. వడ్లకు కాదు, అబద్ధం ఎందుకు. కారు పోయింది కదా అని. నాన్న ఇంజన్‌ను సేఠ్ తీసి పారేస్తాడు, నేను ఏ పెళ్లికో ఆ హాలుకు పోయి, దాని ముందు నిలబడి నవ్వుతూ ఫోటో దిగాలి.

అంతలో మోటార్ సైకిల్ మీద పోటీ పెట్టిన పెద్దమనిషి వచ్చాడు. ముందు మా ఒళ్లు క్షేమమేనా అని చూసుకున్నాడు. తర్వాత కాగితం, పెన్ను తీశాడు.

"మేడం, ఒక్క మాట కరెక్ట్‌గ చెప్పండ్రి. ఊరి దిక్కు టేపు కట్టి ఉండెనా, లేకుండెనా? మావోళ్లు పొద్దుగాల కట్టిండ్రు. ఎవరన్న విప్పితె తప్పు మీది కాదు, స్టేజీ మల్ల మొదటి నుంచి ఇస్తం. బండి నడిస్తె ఇప్పుడే ఇస్తం. విప్పినోళ్ల పేరు మాత్రం నేను పోలీస్ స్టేషన్ల రాసియ్యాలె, పర్మిషన్ గట్లనే ఇచ్చిండ్రు. మీరే తెంపుకోని వచ్చింటె, మీరు ఔట్."

నా ప్రాణం లేచి వచ్చింది. టేపు లేదు! ఒక్క మాట చెబితే చాలు. గొట్టం ఊడింది కానీ బిగించుకోవచ్చు. మళ్లీ పోతాం, గీత దాటుతాం, కారు మాదే. నోరు తెరిచాను. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది.

ఆయన వెనక, కుప్పకు అవతల, నింపిన మా బస్తాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క బస్తా మూతికి ముద్దుగా ముడి వేసి ఉంది. సుతిలి దారంతో కాదు. ఎర్ర తెల్ల చారల టేపుతో.

అత్తమ్మ అప్పటికే రెండడుగులు పక్కకు జరిగింది. గొడుగు విప్పి బస్తాలకు అడ్డం పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి అత్తమ్మ నా ముఖంలోకి చూసి ఏమీ అనకుండా ఉన్నది అదే మొదటిసారి. ఊళ్లో మాట చెల్లే మనిషి ఆమె. పొలం గట్ల తగాదాలకు సాక్ష్యం చెప్పడానికి ఆమెనే పిలుస్తారు. ఆ ఊరంతా అక్కడే నిలబడి ఉంది.

"సుతిలి అయిపోయింది" అంది, ఎవరితోనో కాదు, గొడుగుతో.

"ఏమంటున్నరమ్మా?" అన్నాడు పెద్దమనిషి అటు తిరగబోతూ.

"టేపు ఉండె సార్" అన్నాను గట్టిగా. "నేనే చూసుకోలె. తెంపుకోని వచ్చిన."

"పక్కానా మేడం? మీరు నాలుగో నంబర్ల ఉన్నరు."

"పక్కా."

ఆయన కాగితం మీద ఏదో గీసి, నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. నేను కారు చక్రం పక్కన వడ్లలో కూలబడి కాసేపు ఏడ్చాను. అత్తమ్మ మీద ప్రేమతో అబద్ధం చెప్పానని మీరు అనుకుంటే సంతోషం, కానీ అంత లేదు. అందరి ముందు ఆమె తలవంచుకోవడం చూడలేకపోయాను, అంతే. మామ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. టేపు ముడులను ఆయన కూడా చూశాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆ కుప్పను నేనే పార కొట్టి పల్చగా పరిచాను. అత్తమ్మ గొడుగు కింద కూర్చుని "గాడ మందంగున్నది, మల్ల తిప్పు" అంటూ పని చూసింది. కారు కడ్డీల సందుల్లోంచి వడ్లు దులిపి, రేడియేటర్ గొట్టం బిగించి, మెల్లగా మెదక్ చేర్చాను. షెడ్డులో పెట్టి దాని ముక్కు తుడిచాను. పొద్దున్నే అప్పగించాలి కదా.

సోమవారం పది గంటలకు సేఠ్ వచ్చాడు. వెంట చిన్న క్రేను కూడా తెచ్చాడు. అత్తమ్మ వడ్ల దగ్గర మామను ఉంచి తెల్లవారకముందే మొదటి బస్సుకు ఇంటికి వచ్చేసింది. అరుగు మీద కాళ్లు చాపి కూర్చుంది.

"అమ్మా, ఖబర్ తెలిసింది. కారు పోటీల ఫెయిలంట గద" అన్నాడు సేఠ్ సంతోషంగా. "మాట మీద ఉంటరని వచ్చిన."

"ఉంట. మాట మీదనే ఉంట" అంది అత్తమ్మ. "నేనేమన్న? పోటీల ఉరికితె బండి ఉంటదన్న. ఉరికిందా లేదా?"

"ఉరికింది గని..."

"ఉరికిందా లేదా?"

"ఉరికింది. గీత దిక్కు కాదు గదమ్మా, మీ వడ్ల దిక్కు ఉరికింది."

"ఎటు ఉరకాల్నో నేను చెప్పిన్నా?"

సేఠ్ నోరు తెరిచి నన్ను చూశాడు. నేను రమేశ్‌ను చూశాను. రమేశ్ వెలగని టార్చిని చూశాడు. అత్తమ్మ లేచి చీర దులుపుకుని, "క్రేను జర ఎనుకకు తియ్యుమను, మా మొక్కలు తొక్కుతాంది" అని లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె కంచంలో నేను వడ్డించిన పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనలేదు. కళ్లు తుడుచుకుంటూ వడ్డిస్తే ఎక్కువ కాక ఏమవుతుంది?

కారు ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉంది. బర్రెలకు పక్కన ఇంకో కొట్టం వేశాం.

ఇంత జరిగాక ఊరుకుంటే బాగుండదని, ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదినీ షెడ్డులో నిలబెట్టి, బానెట్ మీద చేయి వేసి, నిటారుగా నిలబడి ప్రమాణం చేశాను. "ఇప్పటి సంది ఎవ్వలన్న నన్ను ‘గిట్ల అంటె నడుస్తదా’ అని అడిగితె, చేతుల ఉన్న స్పానర్ కింద పెట్టి, మొఖం దిక్కు చూసి, చెప్పేది మొత్తం ఇని, సమజ్ కాకుంటె కాలేదని చెప్త. నాకంతా ఎరుకే అని బతికినన్ని దినాలు అనను."

మామ కళ్లు చెమర్చాయి. రమేశ్ చప్పట్లు కొట్టాడు.

అత్తమ్మ మొత్తం శ్రద్ధగా విని, "మంచిగున్నది. ఎన్ని దినాలుంటది?" అంది.